కొయ్యగుఱ్ఱపు కన్ను

తిరునాళ్ళలో రంగులరాట్నమెక్కు బాలుడును, బ్రహ్మోత్సవములలో అశ్వవాహనముపై మాడవీధులలో ఊరేగు స్వామియు కూర్చుండునది కొయ్యగుఱ్ఱముమీదనే యని తలచినపుడు, నాకు ఆ రెండు గుఱ్ఱముల నడుమ దూరము చాల తక్కువగా తోచును. రెండింటిని మలచినది వడ్రంగి ఉలియే. రెండును ఏడాదిలో కొలది దినములు మాత్రమే వెలుగు చూచి, తక్కిన కాలమంతయు చీకటి కొట్టములలో చెదలకును, తేమకును, ఎలుకలకును ఓర్చుకొని నిలుచును. పండుగ దగ్గరపడగనే రెండింటికిని ఎవరో వచ్చి ఒక చేయి రంగు పూసి పోవుదురు. ఆ పూతను గురించియే నాకు చెప్పవలసినది కలదు.

చిత్తూరు ప్రాంతములోని ఒక పల్లె దేవళమున, వాహనములుంచు కొట్టములో, అట్టి గుఱ్ఱమునొకదానిని పగటి వెలుతురులో తీరికగా చూచు అవకాశము నాకు కలిగినది. దూరమునుండి అది తెల్లగా, నిగనిగలాడుచు, నిన్ననే చేయించినట్లుండెను. దగ్గరకు పోయి జూలుపై చేయి వేసితిని. వెండ్రుకపాయల నడుమ ఉలి దింపిన గాడులుండవలసిన చోట వ్రేలికి నునుపు తప్ప మరేమియు తగులలేదు. మోకాలివద్ద పెచ్చు లేచిన తావున అంచును పరిశీలించితిని: పైన తెలుపు, దానిక్రింద నీలము, నీలముక్రింద చిలుకపచ్చ, ఆ క్రింద మరల తెలుపు, అన్నిటికిని అడుగున కొయ్యనంటిపట్టుకొని కావిరంగు పొర. వెనుకకాలి మడమవద్ద, కుంచె అందని మూలలో మాత్రము, ఒక గజ్జెలపట్టెడ మిగిలియుండెను. గింజంత గజ్జెలు; ప్రతి గజ్జెకును నోరు చీల్చి, ఆ నోటిలో మ్రోగు గుండును సైతము చెక్కియున్నాడు ఆ పేరు తెలియని శిల్పి. తక్కిన మూడు కాళ్ళకును అట్టి పట్టెడలే యుండెననుటకు ఉబ్బెత్తు గీత ఒకటి మాత్రమే సాక్ష్యము. పగవాడెవడును వానిని చెరుపలేదు. ఏటేట ఒక్కొక్క దాత భక్తితో పూయించిన రంగే వానిని పూడ్చివేసినది. నా మనసు చివుక్కుమన్నది.

ఇట్లు పూడిపోయినదానిని తిరిగి వెలికి తీయుట అసాధ్యము కాదని చూపినవారున్నారు. అమెరికా దేశమున ఒహాయో రాష్ట్రములోని యంగ్స్‌టౌన్ పట్టణమందు, ఐడోరా పార్కు అను విహారవనము కొరకు ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీవారు 1922లో ఒక రంగులరాట్నమును నిర్మించిరి. దానికి 48 గుఱ్ఱములును, 2 రథములును గలవు. గుఱ్ఱముల నడుమ రథమునుంచవలెనన్న ఊహ వారికిని కలిగినదని వినుట మనబోటివారికెంత ముచ్చటగానుండును! 1984లో ఆ వనము అగ్నిప్రమాదమునకు గురియై, రాట్నము వేలమునకు వచ్చినది. దానిని కొనిన వాలెంటాస్ దంపతులలో జేన్ వాలెంటాస్ చిత్రకళ యెరిగిన స్త్రీ. ఆమె చిన్న కత్తి చేతబట్టి, ఒక్కొక్క గుఱ్ఱముపై పేరుకొనియున్న రంగును పొర వెంట పొరగా గీకి, మొట్టమొదటి రంగు బయటపడిన చోటనెల్ల దానిని చిత్రించి, ఛాయాచిత్రము తీయించి, అట్టి రంగునే కలిపి మరల వేయుటలో ఏండ్లకేండ్లు గడపినది. 2011లో ఆ రాట్నము న్యూయార్కులో, బ్రూక్లిన్ వంతెన చెంత, పిల్లలనెక్కించుకొని మరల తిరుగనారంభించినది. వేలము నాటినుండి ఆ దినము వరకు నడచిన కాలములో ఒక శిశువు పెరిగి తల్లియగును. ఇంత ఓరిమి ఒక ఆటవస్తువు కొరకు చూపిన దేశమును నేను మెచ్చుకొందును. దేవుని వాహనమునకు అందులో నాలవవంతు ఓరిమియైనను మనము చూపవలదా యని అడుగుదును.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. అమెరికా రాట్నములలో గుఱ్ఱమునకు ప్రేక్షకులవైపు నుండు పార్శ్వమును మాత్రమే శిల్పులు నగలతో, పూలతో, వంకీల జూలుతో నింపి, లోపలివైపును సాదాగా విడుచుట వాడుక. చూచువాడు ఎల్లప్పుడును బయటనే నిలుచును గదా. వాహనమునకు అట్టి మరుగు పార్శ్వము లేదు. వీధికి రెండు ప్రక్కల జనమే, అరుగులపై జనమే. ముందు నడచు అర్చకునకు మొగము, వెనుక వచ్చు వేదపారాయణ గోష్ఠికి తోక, దండెను భుజమున మోయువానికి పొట్టక్రింది పట్టెడ కనబడుచుండును. కనుక మన శిల్పి ఏ మూలను ఉపేక్షింపలేదు. అతడు ఉపేక్షింపని మూలను బాగుచేయువాడు ఉపేక్షించుట మాత్రము నిత్యము జరుగుచున్నది.

ఆ ఉపేక్ష మిక్కిలిగా బయటపడునది కంటియందు. విగ్రహము పూర్తియైన పిమ్మట నయనోన్మీలనము జరుపవలెనని ఆగమములు విధించినవి. అనగా కన్ను తెఱచుట శిల్పి చేతిపనులలో కడపటిది, కఠినతమమైనది. నిజమైన గుఱ్ఱపు కంటిపాప గుండ్రము కాదు, అడ్డముగా సాగిన కోలగానుండును. పైరెప్ప ముడుత పడి కొంచెము ముందుకు వ్రాలియుండును. ముక్కువైపు కొలికి చెమర్చినట్లు లోతుగానుండును. గుఱ్ఱములను చూచి చూచి చెక్కిన పాతకాలపు పనివాడు వీనినన్నిటిని కొయ్యలో పొదిగియున్నాడు. రంగువాడు వచ్చి, ఆ రెప్పను, కొలికిని ఒకే తెల్లని పూతలో ముంచి, నడుమ నల్లని గుండుచుక్క పెట్టినంతనే, శౌర్యముతో చూచుచున్న జంతువు బెదరిన జంతువగును. చెక్కిన కన్ను ఇంకను లోపలనున్నది. దానిని తడవి కనుగొని, దాని గీతవెంటనే కుంచె నడపిన చాలును. ఇందుకు పట్టు అదనపు కాలము ఒక పూట కంటె మించదు.

అయినను పాతదంతయు కదలింపరానిదని నేననుట లేదు. జనుల ప్రాణముతో ముడిపడిన భాగములందు పాతదనముపై మోహము మహాపాపము. జాతరలో తిరుగు పెద్ద రాట్నపు ఇరుసు, బోల్టులు, తొట్టెలను పట్టు చీలలు ప్రతి ఉదయము పరీక్షింపవలసినవి, అరిగినదానిని నిర్దాక్షిణ్యముగా పారవేయవలసినవి. తేరు సంగతియు నంతే. తిరువారూరు మహారథమునకు తిరుచిరాపల్లిలోని భెల్ కర్మాగారమువారు ఇనుప చక్రములను, హైడ్రాలిక్ బ్రేకులను అమర్చిరి. చక్రము క్రింద అడ్డుచెక్క వేయబోయి కాలు పోగొట్టుకొనువారి దుఃఖమును చూచిన ఏ భక్తుడును ఆ మార్పును తప్పుపట్టడు. అట్టి మార్పు చేసినపుడు దానిని దాచనక్కఱలేదు; బ్రేకు బ్రేకువలెనే యుండనిమ్ము. కాని ఆ బ్రేకు బిగించుటకు పీఠముపై గజలక్ష్మి ఫలకమునకు నడుమ రంధ్రము తొలుచుట మాత్రము సమ్మతము కాదు. జానెడు ఈవలకు జరిపిన పని జరుగును. ఆ జానెడు ఎటు జరుపవలెనో తెలియుటకే స్థపతి కావలెను.

చిన్న లోపమును చూచి ఊరకుండుట ఎంత దూరము పోవునో మన సీమకు వేఱుగ చెప్పనక్కఱలేదు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురము 2010 మే 26న కూలిపోయినది. బీటలు అంతకు ముందే కంటబడియున్నవి. 2017లో క్రొత్త గోపురమునకు కుంభాభిషేకము జరిగినది, అది కన్నులపండువగానే యున్నది. రాయలనాటి పని మాత్రము ఛాయాచిత్రములలోనే మిగిలినది. కోనసీమలోని అంతర్వేదిలో 2020 సెప్టెంబరున తేరు కాలిపోగా, మరుసటి ఫిబ్రవరి కల్యాణోత్సవమునకు క్రొత్త తేరు సిద్ధమైనది. అంత త్వరగా కట్టగలిగిన పనివారు మనలోనున్నారన్నది సంతోషమే. కాని కాలిన కొయ్యను అచ్చు తీయుట బ్రహ్మకును సాధ్యము కాదు, ఉన్ననాడే తీసియుంచుకొనవలెను.

తిరుమలలో ఈ జాగ్రత్తకు బలమైన ఆచారము కలదు. ఉగాదికి, ఆణివార ఆస్థానమునకు, బ్రహ్మోత్సవములకు, వైకుంఠ ఏకాదశికి ముందు, ఏడాదికి నాలుగు పర్యాయములు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరిపి, గోడగోడను కడిగి పరిమళద్రవ్యము పూయుదురు. పండ్రెండేండ్లకొకసారి బాలాలయమను తాత్కాలిక సన్నిధినేర్పరచి, స్వామి కళలను కుంభమందావాహనము చేసి, పీఠమున విగ్రహమును పట్టియుంచు అష్టబంధనమును సరిదిద్దుదురు. 2018 ఆగస్టులో జరిగినది అదియే. మరమ్మతును యజ్ఞమువలె భావించిన ఈ బుద్ధి గర్భాలయము దాటి వాహనముల కొట్టము వరకు రావలెనన్నదే నా కోరిక. చిన్న దేవళములలో వాహనములకు మరమ్మతు ధ్వజారోహణమునకు వారము ముందు గుర్తుకు వచ్చును. అప్పుడు వడ్రంగి దొరకడు, దొరికిన రంగువాడు తెచ్చిన డబ్బాలోని రంగే రంగగును; సడలిన కుసి బెజ్జములో కూర్చుండక ఆడుచుండగా, దానికి ఇనుప మేకు కొట్టి, తుప్పుపట్టి కొయ్యను చీల్చుటకు వదలివేయుదురు.

ఏర్పేడు మండలమున, శ్రీకాళహస్తికి చేరువనున్న మాధవమాలలో కొయ్యశిల్పమే జీవనముగాగల కుటుంబములు నేటికిని కలవు. దేవతామూర్తులను, వాహనములను చెక్కు చేతులవి. తిరుపతిలో దేవస్థానమువారి సంప్రదాయ శిల్పకళాశాల కలదు. ప్రతి దేవళమువారును ఉత్సవము ముగిసి ధ్వజావరోహణమైన మరునాడే తమ వాహనమును వెలుతురులోనికి తెచ్చి, నాలుగు వైపుల ఛాయాచిత్రములు తీయించి, కన్ను, చెవి, జూలు, గజ్జె వీని కొలతలు కాగితముపై వ్రాయించి, పెచ్చులేచిన చోట అడుగు రంగేదో గుర్తించి, ఆ కాగితమును ఉత్సవపు లెక్కలతోపాటు భద్రపరుపవలెను. పిమ్మట మాధవమాలనుండి ఒక వడ్రంగిని పిలిపించి, మరుసటి తిరునాళ్ళ వరకు తీరికయిచ్చి, ముందు కుసులు బిగింపుమని, తరువాత పాతరంగు గీకుమని, రంగు మాట చిట్టచివరకు చూచుకొందమని చెప్పిన చాలును. దాతలు రంగుకు ఇచ్చు సొమ్మును మొదటి యేడు గీకుడు కూలికి ఇత్తురేని, ఆ పల్లె గుఱ్ఱపు మూడు కాళ్ళ గజ్జెలును వచ్చే ఉత్సవమునకే బయటపడును.