టిక్కెట్ లేని సింహాలు

ఊళ్లోకి సర్కస్ వచ్చిందంటే ఒకప్పుడు పిల్లలకు పండగే. రాత్రిళ్లు ఆకాశంలో గిరగిరా తిరిగే సెర్చ్‌లైటు, వీధి వీధినా మైకు ప్రచారం, రోజుకు మూడు ఆటలు. జోకర్లు ఎంత నవ్వించినా, ఊయల మీది ఫీట్లు గుండె ఝల్లుమనిపించినా, అందరూ ఎదురుచూసేది మాత్రం సింహాల కోసమే. రింగ్ మాస్టర్ కొరడా ఝళిపించగానే అంతటి సింహమూ బుద్ధిగా స్టూలెక్కి కూర్చునేది. చప్పట్లు మార్మోగేవి. ఆట అయ్యాక అది ఎక్కడికెళ్లేదో ఎవరికీ పట్టేది కాదు.

అది వెళ్లేది చక్రాల బోనులోకి. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు... అంతే దాని ప్రపంచం. మరుసటి ఆట దాకా అందులోనే. ఊరు మారితే లారీ మీద అదే బోను.

ఆ బతుకు మార్చే ప్రయత్నం 1991లోనే మొదలైంది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. 1998 అక్టోబరులో కేంద్రం మరోసారి నోటిఫికేషన్ ఇచ్చింది. సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులు... వీటికి ఆటలు నేర్పకూడదు, ఆడించకూడదు. యజమానులు కేరళ హైకోర్టులో ఓడిపోయారు. 2001 మే 1న సుప్రీంకోర్టు కూడా నిషేధం సబబేనంది. బాగానే ఉంది. మరి డేరాల్లో ఉన్న జంతువులన్నీ ఎక్కడికి పోవాలి?

రాజావారి అడవిలో...

ఆ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో విశాఖ ఒకటి. ఓడల సైరన్లు, ఉక్కు కొలుముల ఊరిలో, పచ్చటి కొండలున్నాయి. అదే కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం రాజావారి అధీనంలోని అడవి. 1970లో అటవీశాఖ చేతికొచ్చింది. అందులోంచి 600 ఎకరాలకు పైగా తీసుకుని ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల పెట్టారు. 1977 మేలో జనానికి గేట్లు తెరుచుకున్నాయి. మిగిలిన అడవి 2002లో అభయారణ్యమైంది. ఈ జూకు అనుబంధంగా, నగరానికి ఏనాటి నుంచో మంచినీరిస్తున్న ముడసర్లోవ వైపున యానిమల్ రెస్క్యూ సెంటర్ వెలిసింది. సర్కస్ సింహాలు, పులులు అక్కడికి చేరాయి. రాష్ట్రంలో తిరుపతి జూ కూడా ఇలాగే వాటికి చోటిచ్చింది.

జూకు వెళ్లినవాళ్లకు ఈ సెంటర్ కనపడదు. ఇలాంటివి ప్రదర్శనకు పెట్టినవి కావు మరి. టిక్కెట్టు లేదు, చప్పట్లూ లేవు. బతుకంతా జనం కళ్ల ముందే గడిపిన జంతువులకు ఎవరూ చూడని చోటు దొరకడం కంటే సుఖమేముంటుంది!

పక్కనే అంత అడవి ఉంది కదా, వదిలేయొచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. అది కుదరని పని. బోనులో పుట్టి, మనిషి చేతి మాంసం తిని పెరిగిన సింహానికి వేటాడటం తెలియదు. మనిషంటే బెరుకూ ఉండదు. ఆకలేస్తే అది అడవి వైపు చూడదు... ఊరివైపే నడుస్తుంది. పైగా సర్కస్ సింహాల్లో చాలావరకు ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరం. గిర్ అడవుల అసలు ఆసియా జాతిలో వీటి రక్తం కలవకూడదు. అందుకే అడవిలోకీ పనికిరావు, జూల్లో సంతతి పెంచడానికీ పనికిరావు. అలాంటివాటికి చివరిదాకా తిండి, వైద్యం, నీడ ఇవ్వడమే మనిషి చేయగలిగింది.

ఆ పనీ తేలికేం కాదు. పెద్దపులికో సింహానికో పూటకు కిలోల లెక్కన మాంసం కావాలి. వారానికో రోజు పస్తు పెట్టాలి, అది అరుగుదల కోసం. జబ్బు చేస్తే సూది వేయడానికి పక్కలు దగ్గరకు జరిగే ప్రత్యేకమైన బోను కావాలి. ముసలితనంలో పళ్లూడితే మెత్తటి మాంసం ఏరి పెట్టాలి. ఏళ్ల తరబడి నాలుగడుగుల బోనులో తిరిగినవి, ఆరుబయలు దొరికినా చాన్నాళ్లు ఆ నాలుగడుగుల మేరే తచ్చాడతాయి. కాళ్లకు అలవాటైన కొలత అంత త్వరగా పోదు.

పిల్లలు లేని ఇల్లు

జూలో కూన పుడితే సంబరం. ఫొటోలు, పేర్లు, పేపర్లో వార్త. రెస్క్యూ సెంటర్‌లో అసలు కూనలే పుట్టకూడదు. మగవాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తారు, లేదా ఆడా మగా వేరుగా ఉంచుతారు. పుట్టే ప్రతి కూనా మళ్లీ జీవితఖైదీయే కదా! కాబట్టి ఒక్కో వృద్ధ సింహం కన్నుమూసినప్పుడల్లా ఓ గది ఖాళీ అవుతుంది. దాన్ని చూసుకున్న కీపర్‌కు అది ఇంట్లో మనిషి పోయినట్టే. కానీ ఆ గదిలోకి మరో సర్కస్ సింహం రాకపోవడమే అందరూ కోరుకున్నది.

పెంపకంలో సింహం ఇరవయ్యేళ్లు బతికితే గొప్ప. 2001లో కూనగా వచ్చినదానికైనా ఈపాటికి నూరేళ్లూ నిండినట్టే. క్రూరమృగాల ఆట ఎలా ఉంటుందో ఈ తరం పిల్లలకు తాతయ్యలు చెబితేనే తెలుస్తుంది. ఆసుపత్రి పెట్టినవాళ్లు రోగులు రాకూడదని కోరుకున్నట్టు, ఈ సెంటర్ కట్టినవాళ్లూ ఆ గదులు ఖాళీ కావాలనే కట్టారు.