బోయీలు లేని పల్లకి

మా క్లాసులో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకి తక్కువ లేదు. ఒకడికి పోర్షే, ఒకడికి లంబోర్గినీ, ఇంకొకడికి టెస్లా. నా లాప్‌టాప్ తెర మీద ఉన్న బొమ్మ చూసి మాత్రం "ఈ పాత డబ్బా ఏంట్రా?" అంటారు. ఆ పాత డబ్బా పేరు కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్. అమెరికాలో 1957లో 400, 1958లో 304, మొత్తం 704 కార్లు తయారయ్యాయి. ఆ తర్వాతి రెండేళ్ళలో ఇదే పేరుతో ఇటలీలో పినిన్‌ఫరీనా వాళ్ళు బాడీ కట్టినవి ఇంకో 200 వచ్చాయి. కానీ నా మనసు మొదటి 704 మీదే. నేను దాన్ని కళ్ళారా చూడలేదు. ఫోటోలు, వీడియోలే నా ఆస్తి.

దాని ధర 13,074 డాలర్లు. డాలరు 4 రూపాయల 76 పైసలున్న రోజులవి. అంటే సుమారు 62 వేల రూపాయలు. ఇప్పుడు వింటే ఏదో ఫోన్ ధరలా ఉంటుంది గానీ, అప్పట్లో అది రోల్స్ రాయిస్ సిల్వర్ క్లౌడ్ కంటే కూడా ఎక్కువ. విచిత్రం ఏంటంటే, అంత ధరకి అమ్మినా తయారీ ఖర్చు అంతకంటే ఎక్కువైంది. ఒక్కో కారు మీద కంపెనీకి నష్టమే.

పైకప్పు మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలు. ముందు తలుపు ముందుకి, వెనక తలుపు వెనక్కి తెరుచుకుంటాయి, అచ్చం మన ఇంట్లో బీరువాలా. గ్లవ్ బాక్సులో పడిపోకుండా అయస్కాంతం పెట్టిన గ్లాసులు. లోపల పౌడరు, దువ్వెన, అద్దం, లాన్విన్ కంపెనీ వాళ్ళ అర్పేజ్ సెంటు సీసా కూడా కారుతోపాటే ఇచ్చేవారు. కింద పరిచే కార్పెట్ గొర్రెపిల్ల ఉన్నిది కావాలంటే అదీ దొరికేది. ఇవన్నీ చదువుతుంటే కారు కొన్నట్టు కాదు, పెళ్ళికూతురి సారె తెచ్చుకున్నట్టు అనిపిస్తుంది.

సీఎస్ఈ చదివేవాడిగా నాకు మొదట నచ్చింది దాని సీటు. డ్రైవర్‌కి నచ్చిన చోటు ఒకసారి పెట్టుకుంటే, మళ్ళీ ఆ చోటికే మోటార్లతో వచ్చి ఆగుతుంది. ఎదురుగా బండి వస్తే హెడ్‌లైట్లు వాటంతటవే డిమ్ అవుతాయి. ఇంటెల్ కంపెనీ పుట్టడానికి ఇంకా 11 ఏళ్ళు ఉంది. ఒక్క లైను కోడ్ లేదు. అయినా బండికి జ్ఞాపకం ఉంది, చూపు ఉంది. మనం సాఫ్ట్‌వేర్ లేకపోతే ఏదీ తెలివైనది కాదనుకుంటాం కదా, ఆ అహంకారం నాకు అక్కడే కొంచెం తగ్గింది.

కానీ నన్ను పూర్తిగా పట్టేసింది సీటు కాదు, సీటు కింద ఉన్నది. మామూలు కార్లలో బరువు మోసేవి ఇనప స్ప్రింగులు. ఈ కారులో నాలుగు చక్రాల దగ్గరా గాలి నింపిన బుడ్డీలు ఉంటాయి. ఒక కంప్రెసర్ గాలి కొట్టి ట్యాంకులో దాస్తుంది. బాడీ ఎంత ఎత్తులో ఉందో చిన్న కడ్డీ ద్వారా ఒక వాల్వు కనిపెడుతూ ఉంటుంది. వెనక సీట్లో ముగ్గురు ఎక్కారనుకోండి, వెనక భాగం కిందికి దిగుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వు తెరుచుకుని బుడ్డీలోకి గాలి పోతుంది, బండి మళ్ళీ పాత ఎత్తుకి వస్తుంది. వాళ్ళు దిగగానే ఎక్కువైన గాలి బయటికి పోతుంది. కొలువు, పోల్చు, సరిచెయ్యి, మళ్ళీ కొలువు. మనం ల్యాబ్‌లో రాసే లూప్ ఇదే. వీళ్ళు దాన్ని రబ్బరుతో, గాలితో రాశారు.

ఇది చదువుతున్నప్పుడే నాకు మా ఏరియా పేరు కొత్తగా వినిపించింది. నేను ఉండేది బోయిగూడలో, సికింద్రాబాద్ స్టేషన్ వెనక వైపు. పుట్టినప్పటి నుంచి ఆ పేరు పలుకుతున్నా, ఎప్పుడూ విడదీసి చూడలేదు. బోయీల గూడెం. బోయీలంటే పల్లకి మోసేవాళ్ళు. వాళ్ళ గురించి శ్రీశ్రీ అడిగిన ప్రశ్న తెలుగువాళ్ళందరికీ తెలిసిందే, ఇంగ్లీష్ మీడియం వాడినైనా నాకూ తెలుసు. కానీ ఇంజినీరింగ్ కళ్ళతో ఎప్పుడూ ఆలోచించలేదు. పల్లకి మోయడమంటే బరువు ఎత్తడం ఒక్కటే కాదు. లోపల కూర్చున్నవాళ్ళు ఊగకూడదు. ఎత్తు ఎక్కుతుంటే వెనకవాళ్ళు పైకి లేపాలి, దిగుతుంటే ముందువాళ్ళు లేపాలి. అడుగు అడుగుతో కలవాలి. అంటే వాళ్ళ భుజమే స్ప్రింగు, మోకాలే షాక్ అబ్జార్బరు, కన్నే వాల్వు.

బోయిగూడలో ఇప్పుడు పల్లకీలు లేవు, టింబర్ డిపోలు ఉన్నాయి. లారీ నుంచి దుంగలు దించే ఒకాయన్ని ఒక సాయంత్రం అడిగాను, "అన్నా, ఇంత పొడుగు దుంగ ఇద్దరే ఎట్లా మోస్తరు?" అని. ఆయన తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుంటూ అన్నాడు, "బరువుదేముంది తమ్మీ, అలవాటైతది. ఊగకుండ చూసుకోవాలె. ఊగిందంటే ఎన్క ఉన్నోని మెడ పోతది." కాడిలాక్ గురించి పది వీడియోలు చూస్తే నాకు అర్థమైన విషయం ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. తేడా ఒక్కటే. కారులో లెవెల్ ఎందుకంటే సీట్లో ఉన్నవాళ్ళ సుఖం కోసం. ఇక్కడ లెవెల్ ఎందుకంటే మోసేవాడి ప్రాణం కోసం.

బ్రూమ్ అనే పేరుకీ ఒక కథ ఉంది. ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది అక్షరాలు, పలికితే ఒక్క ముక్క. అది ఒక గుర్రబ్బండి పేరు. పెద్దమనుషులు మూసి ఉన్న పెట్టెలో కూర్చుంటే, తోలేవాడు బయట ఎండకీ వానకీ కూర్చునేవాడు. ఆ బండికి పేరు లార్డ్ బ్రూమ్ అనే బ్రిటిష్ నాయకుడి నుంచి వచ్చింది. ఆయన బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడినవాడు. 1833లో బ్రిటన్ బానిసత్వ నిర్మూలన చట్టం చేసినప్పుడు ఆయనే లార్డ్ చాన్సలర్. మా చోటు పేరులో మోసినవాళ్ళు ఉన్నారు, కారు పేరులో ఎక్కినాయన ఉన్నాడు. అయితే ఆ ఎక్కినాయన కూడా మనుషుల మీది బరువు దించాలని చూసినవాడే కావడం నాకు బాగా నచ్చింది.

మన హైదరాబాద్‌లో పేరున్న పాత కారంటే చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. పసుపు రంగుది. లోపల నిజాం కూర్చునే సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందరికంటే పైన కూర్చోబెట్టడమే ఆ కారు గొప్ప. ఎల్డొరాడోలో కూడా డాబు తక్కువేం కాదు, ఆ సెంటు సీసా చూస్తేనే తెలుస్తుంది. కానీ తోలేవాడూ, ఎక్కినవాడూ ఒకే స్టీలు కప్పు కింద, ఒకే గాలి మీద కూర్చుంటారు. ఒక గుంత వస్తే ఇద్దరికీ ఒకటే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఈ గాలి స్ప్రింగు కోటీశ్వరుల కోసం పుట్టింది కాదు. ఇదే జనరల్ మోటార్స్ 1954లో గ్రేహౌండ్ కంపెనీ కోసం సీనిక్రూజర్ అనే బస్సు చేసింది. దానికి అప్పటికే గాలి సస్పెన్షన్ ఉంది. అంటే టికెట్ కొనుక్కుని బస్సెక్కిన మామూలు మనిషి, 13 వేల డాలర్లు పెట్టినవాడి కంటే మూడేళ్ళు ముందే గాలి మీద ప్రయాణం చేశాడు. మంచిదేదైనా ముందు ధనవంతులకి వచ్చి, తర్వాత మెల్లగా మన దాకా దిగుతుందని నేను అనుకునేవాణ్ణి. ఇక్కడ అది తిరగబడింది.

పైగా ధనవంతుల దగ్గర అది నిలబడలేదు కూడా. బుడ్డీలు, పైపులు లీకయ్యేవి. రాత్రి పెట్టిన బండి పొద్దున చూస్తే ఒక పక్కకి వాలి ఉండేది. బాగుచేయించడానికి బోలెడు ఖర్చు. చాలామంది యజమానులు విసిగిపోయి గాలి సామానంతా పీకించి మామూలు ఇనప స్ప్రింగులు వేయించుకున్నారు. 1958లో షెవర్లే లాంటి కార్లకి కూడా అదనపు డబ్బుకి ఇచ్చి చూశారు, కొద్ది కాలంలోనే మానేశారు. ఒక్కోసారి నాకనిపిస్తుంది, ఆ కారు అందం చూసి కాదు, అది ఓడిపోయిన తీరు చూసి ప్రేమించానేమో అని. సెంటు సీసా ఎప్పుడూ ఫెయిల్ కాలేదు. ఫెయిల్ అయింది కష్టమైన పని నెత్తినేసుకున్న భాగమే.

ఆలోచన మాత్రం చావలేదు. ఆర్టీసీ గరుడలో వోల్వో బస్సు ఎక్కితే మనం కూర్చునేది గాలి మీదే. 2023 జనవరి 15న సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి మొదలైన వందేభారత్ రైలుకీ గాలి స్ప్రింగులే. మా ఇంటికి పది నిమిషాల దూరంలో, ఆ 704 కార్లలో ఉన్న సూత్రమే రోజూ వందల మందిని ఊగకుండా మోసుకుపోతోంది. ఇది తెలిసిన రోజు నాకు చాలా సంతోషమైంది. ఇక చూడలేని కారు గురించి దిగులెందుకు, దాని ప్రాణం ఇక్కడే ఉంది అనుకున్నా.

కానీ మా వైపు సందుల్లోంచి నడిచి ఇంటికి వస్తుంటే ఆ సంతోషం పూర్తిగా నిలవదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో ఒక తుక్కు గోదాము తగలబడింది. పైన నిద్రపోతున్న 11 మంది కూలీలు చనిపోయారు. అందరూ బీహార్ నుంచి పని కోసం వచ్చినవాళ్ళు. పగలంతా మనం పారేసిన సీసాలు, కాగితాలు, ఇనుము ఎత్తి, మోసి, వేరు చేసి, రాత్రి వాటి పైనే పడుకున్నారు. పల్లకీలు పోయాయి గానీ బోయీలు పోలేదు. ఊరు మారింది, భాష మారింది, భుజం మాత్రం అదే.

అందుకే ఎవరైనా "ఆ కారులో ఏముందిరా?" అంటే ఇప్పుడు నేను స్టీలు కప్పు గురించి చెప్పను, వాల్వు గురించి చెప్తాను. ఎవరి మీద బరువు పడిందో కనిపెట్టి, అడగకుండానే కింద నుంచి పైకి ఎత్తే చిన్న వాల్వు. నా లెక్కలో 1957 నాటి లగ్జరీ అంటే అదొక్కటే. అది బస్సులో మొదలై, కాడిలాక్‌లో ఓడి, మళ్ళీ లేచి మా సికింద్రాబాద్ స్టేషన్ దాకా వచ్చింది. స్టేషన్ గోడ దాటి ఇవతల ఉన్న దుంగల డిపోలకీ, తుక్కు గోదాములకీ మాత్రం ఇంకా రాలేదు. తేవడం ఎవరి పనో ఇంజినీరింగ్ కాలేజీ పత్రికలో నేను విడిగా చెప్పక్కర్లేదు.