విజేతలమని చెప్పుకొనే ముందు

మూడేళ్ల క్రితం వార్షికోత్సవ ఆహ్వాన పత్రికను రూపొందించే బాధ్యత మాపై పడింది. కార్యాలయపు అద్దాల బీరువాలో ఒక పాత షీల్డు ఉన్నది. దానిపై 'ఆల్ ఇండియా' అన్న అక్షరాలు మసకగా కనిపిస్తాయి. వాటిని చూచి, మరెవరినీ విచారింపకనే, 'మన ఫుట్‌బాల్ జట్టు ఒకప్పుడు జాతీయ విజేత' అని వ్రాసితిమి. సభలో చప్పట్లు మ్రోగినవి. మేమూ సంతోషించితిమి.

గత ఏడాది మా విద్యార్థి ఒకడు, జట్టు నాయకుడు, పటాన్‌చెరు ప్రాంతంలో ఒక ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నాడు. అతని తండ్రి అక్కడే రాత్రి షిఫ్టులలో పనిచేసే కార్మికుడు. జాతీయ విజేతగా నిలిచిన జట్టుకు తాను నాయకుడనని కుర్రవాడు వ్రాసుకున్నాడు. ఇంటర్వ్యూలో ఆధారమడిగారు. అతడు మా ఆహ్వాన పత్రికను చూపించాడట. వారు దానిని మడిచి తిరిగి ఇచ్చివేశారు. "మీరు వ్రాసిన కాగితమే చూపించాను సార్" అన్నాడే తప్ప మమ్మల్ని నిందింపలేదు. నిందించి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

అప్పుడు గాని మేము ఆ షీల్డును గెలిచిన నాటి ఆటగాడొకరిని వెదకి పోలేదు. ఆయన సంగారెడ్డిలోనే విశ్రాంత జీవితం గడుపుతున్నారు. చాయ్ ఇచ్చి, నవ్వి ఇట్లన్నారు: "పేరు ఆల్ ఇండియా అని పెట్టిండ్రు బేటా. వచ్చినయి ఎనిమిది టీములు. అన్నీ మన చుట్టుపక్కలయే. గెల్చింది నిజం. దేశమంతా గెల్చినమన్నది నీ కలం చేసిన పని."

ఆ మాట మమ్మల్ని పుస్తకాల వైపు మళ్లించింది. 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఆరంభమయ్యే వరకు మన దేశంలో క్లబ్బులకు జాతీయ లీగ్ అనేదే లేదు. 1941లో మొదలైన సంతోష్ ట్రోఫీ రాష్ట్రాల జట్లకు చెందినది. 1888 నాటి డ్యూరండ్, 1891 నాటి రోవర్స్ కప్పులు ప్రతిష్ఠ గలవే అయినా, ఏది గెలిచినవారు దేశానికి విజేతలన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. అటువంటి సందిగ్ధ కాలంలోనే మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పును గెలిచింది. 1950లో డ్యూరండ్ కప్పు కూడ వారిదే. 1956-57, 1957-58 సంవత్సరాల సంతోష్ ట్రోఫీ పోటీలలో విజయం హైదరాబాద్ జట్టుదే. తాము గొప్పవారమని వారు వేరే చాటుకోనక్కరలేదు. ఆ సంవత్సరాలను వరుసగా చదివితే చాలు.

ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు మావలెనే ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. నాలుగవ స్థానాన్ని నాలుగవదిగానే చెప్పుకొంటున్నాము. అయినా దాని గౌరవం తరగలేదు. ఇంతటి చరిత్ర ఇంటి ముంగిట ఉండగా, లేని బిరుదును మేమెందుకు తగిలించుకున్నామా అని సిగ్గుపడితిమి.

ఆ కుర్రవాణ్ణి పిలిచి తప్పు మాదేనని ఒప్పుకొంటిమి. అతడు చాలాసేపు మౌనంగా ఉండి, "మరి మనం నిజంగా ఏమి గెలిచాము సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానంగానే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

కళాశాల సంఘం వారికి మా విన్నపం ఒక్కటే. ప్రతి ఆట తేదీ, ఎదుటి జట్టు పేరు, గోళ్ల సంఖ్య, ఆడినవారి పేర్లు ఒక రిజిస్టరులో నమోదు కావాలి. ఓడిన ఆటలూ అందులో ఉండాలి. షీల్డు ప్రక్కన మేమొక చిన్న చీటీ అంటించితిమి: 'ఎనిమిది జట్ల పోటీలో ప్రథమ స్థానం.' దానిని మొదట చదివినవాడు ఆ కుర్రవాడే. చదివి, బూట్ల తాళ్లు బిగించుకొని మైదానానికి పోయినాడు.