మందులు మానకూడదు – మార్చుకోవాలి

మూత్రపిండం మార్పిడి చేయించుకున్న స్త్రీ తల్లి కావచ్చునా అని చాలామంది సోదరీమణులు సందేహిస్తుంటారు. కావచ్చు. అమెరికాలో ఈడిత్ హెల్మ్ అనే ఆవిడ 1956లో తన కవల సోదరి మూత్రపిండం పొంది, 1958లో మగబిడ్డను కన్నది. కాని తొందర పనికిరాదు.

నాకు 2018లో మా అమ్మ మూత్రపిండం ఇచ్చింది. కొన్ని నెలలకే నెలసరి సక్రమంగా రాసాగింది. అంటే గర్భం వచ్చే వీలు కూడా అప్పుడే మొదలన్నమాట! అందుకే డాక్టరుగారు ముందుగా గర్భనిరోధం గురించే చెప్పారు. మార్పిడి తర్వాత కనీసం ఏడాది ఆగాలి. క్రియాటినిన్ నిలకడగా, సాధారణంగా 1.5 లోపు ఉండాలి. రక్తపోటు అదుపులో ఉండాలి. మూత్రంలో ప్రోటీను ఎక్కువగా పోకూడదు.

2021లో నేను బిడ్డ కావాలన్నప్పుడు మా అమ్మ భయపడింది. "ఇది పాడైతే నా దగ్గర ఇవ్వడానికి ఇంకొకటి లేదే తల్లీ!" అంది. మా అత్తగారేమో, "కడుపులో బిడ్డకు వేడి చేస్తుంది, ఆ మాత్రలన్నీ మానెయ్యమ్మా" అన్నారు. ఇద్దరిదీ ప్రేమే. కాని మాత్రలు మానేస్తే శరీరం ఆ మూత్రపిండాన్ని పరాయిదిగా ఎంచి తిరస్కరిస్తుంది. అప్పుడు తల్లికీ బిడ్డకూ ముప్పే.

డాక్టరుగారు మందులు మాన్పించలేదు, మార్చారు. మైకోఫెనొలేట్ వల్ల గర్భస్రావం, బిడ్డకు అవయవలోపాలు రావచ్చు. గర్భానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని ఆపి, అజాథయోప్రిన్ ఇచ్చారు. రక్తపోటు మాత్ర కూడా మార్చారు. టాక్రోలిమస్, ప్రెడ్నిసొలోన్ కొనసాగాయి. కొత్త మందులతో మూత్రపిండం కుదురుగా ఉందని తేలాకనే సరేనన్నారు.

నెల తప్పాక తరచుగా రక్తపరీక్షలు చేశారు. రక్తంలో టాక్రోలిమస్ తగ్గడంతో మోతాదు పెంచారు. మార్చిన మూత్రపిండం పొత్తికడుపులో ఒక పక్కకు ఉంటుంది కనుక, సాధారణంగా కాన్పుకు అడ్డు రాదు. అయితే రక్తపోటు పెరగడం, నెలలు నిండకుండానే కాన్పు రావడం ఇలాంటివారిలో ఎక్కువ. నాకూ 36వ వారంలోనే కాన్పయింది. పాప రెండుంబావు కిలోలు. మాత్ర వేళ మరవకుండా గుర్తుచేసింది మా అత్తగారే!

కనుక సోదరీ, నెల తప్పిన తర్వాత కాదు, బిడ్డ కావాలన్న ఆలోచన రాగానే మూత్రపిండాల డాక్టరును, ప్రసూతి డాక్టరును ఇద్దరినీ కలుసుకోండి. అనుకోకుండా నెల తప్పితే మాత్రం సొంతంగా ఒక్క మాత్రా మానకుండా, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.