ప్రతిమ ఎవరి చేతిలో?

నాకు పదేళ్ళప్పుడు మా ఊరి టూరింగ్ టాకీస్‌లో ‘పాతాళభైరవి’ చూశాను. 1951లో వచ్చిన సినిమా. అప్పటికి పాతికేళ్ళ పాతదైనా నేల తరగతి కిక్కిరిసిపోయింది. అమ్మ పక్కన ఇసకలో కూచుని, ఎస్వీ రంగారావు మాంత్రికుడు తెర మీదకొచ్చినప్పుడల్లా ఆవిడ కొంగులో మొహం దాచుకోవడం ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత వారం రోజులు మా పెరట్లో జామచెట్టు కింద అదే ఆట. మా అన్నయ్య తోటరాముడు, పక్కింటి అబ్బాయి మాంత్రికుడు. నల్లగా, పొట్టిగా ఉన్నానని రాకుమారి వేషం నాకివ్వలేదు, పిన్ని కూతురికిచ్చారు. నాకు దక్కింది పాతాళభైరవి. చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎవరు పిలిస్తే వాళ్ళ ముందుకొచ్చి నిలబడి ఏం కావాలో అడగాలి. మిగతా ఆటంతా బావి గట్టు మీద కూచుని పిలుపు కోసం ఎదురుచూడాలి.

ఈమధ్య మా అమ్మాయితో కలిసి ఆ సినిమా మళ్ళీ చూశాను. అయిపోయాక అది అడిగింది: “అమ్మా, సినిమా పేరే ఆవిడది కదా! ఆవిడకేం కావాలని ఒక్కళ్ళూ అడగరేం?”

యాభై ఏళ్ళుగా నాకు తట్టని ప్రశ్న అది.

కె.వి. రెడ్డి గారి కథనం గురించి మనవాళ్ళు ఎంతో రాశారు. కథని ఎక్కడ ముడి వేయాలో, ఎక్కడ విప్పాలో ఆయనకి తెలిసినట్టు మరొకరికి తెలియదంటారు. నిజమే. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమిస్తాడు. తనతో సమానమైన ఐశ్వర్యం సంపాదించుకొస్తే పిల్లనిస్తానంటాడు రాజు. సరిగ్గా అప్పుడే నేపాళ మాంత్రికుడు దేవికి బలివ్వడానికి ఒక సాహసవంతుడి కోసం వెతుకుతుంటాడు. ఇద్దరి అవసరాలూ ఒక గుహలో కలుస్తాయి. బలి కావలసినవాడు బలిచ్చినవాడవుతాడు. దేవి ప్రతిమ రాముడి చేతికొస్తుంది. మేడ, సంపద, పెళ్ళి ముహూర్తం... అంతా చకచకా జరిగిపోతుంది. అక్కడే కథ తలకిందులవుతుంది. సదాజపుడు సంజీవనితో గురువుని బతికించుకుంటాడు. మాంత్రికుడు రాజుగారి బావమరిదికి ఆశ చూపించి ప్రతిమని దొంగిలింపజేస్తాడు. మేడా మాయం, ఇందుమతీ మాయం. అల్లావుద్దీన్ దీపం కథ చదివిన వాళ్ళకి ఈ నడక తెలిసిందే.

మొదటి సగంలో సంపాదించిందంతా రెండో సగంలో పోతుంది, మళ్ళీ తెచ్చుకోవాలి. ఈ రెండు సగాలకీ ఇరుసు ఆ ప్రతిమ. కథలో ప్రతి మలుపూ అది చెయ్యి మారడమే. మంచివాడి చేతిలో ఉంటే మేడ కట్టిస్తుంది, చెడ్డవాడి చేతిలో ఉంటే అదే మేడని ఎత్తుకుపోతుంది. గిరిజ వేసిన ఆ దేవి ఇద్దరి ముందూ అంతే వినయంగా నిలబడుతుంది. ఒక్కసారి బలి పుచ్చుకున్నందుకు ఎడతెగని చాకిరీ! ఆ కథా ప్రపంచంలో అందరికన్నా శక్తిమంతురాలు ఆవిడే. ఆవిడకి లేనిది తనదంటూ ఒక కోరిక, వద్దనే హక్కు. ఆ చెయ్యి మంచిదా చెడ్డదా అని మనం మూడు గంటలకు పైగా ఉత్కంఠగా చూస్తాం గానీ, అసలు ఆవిడ ఒకరి చేతిలో ఎందుకుండాలని అడగం. అడగకుండా చూసుకోవడమే ఆ కథనంలోని నేర్పు.

ఈ సినిమాకి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీ మజిలీ కథలు’లో ఉంది. అక్కడ కాశీకి నడుస్తూ మజిలీ మజిలీకి కథ చెప్పేది మణిసిద్ధుడు, వినేది గోపకుమారుడు. నడిచేదీ, చెప్పేదీ, వినేదీ మగవాళ్ళే. ఆడవాళ్ళు కథ లోపల దారి పొడుగునా సాయం చేస్తూ నిలబడతారు. సినిమాలో మొసలి శాపం తీరి అప్సరస అవుతుంది, మాంత్రికుడి కుట్ర రాముడికి చెప్పేసి వెళ్ళిపోతుంది. ఆవిడ చెప్పకపోతే రాముడి తల తెగేది, కథ సగంలోనే ముగిసేది. సురభి కమలాబాయి వేసిన తల్లి కొడుకు కోసం ఎదురుచూస్తుంది.

మరి ఇందుమతి? పందెంలో పెట్టిన వస్తువులాంటిదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈసారి చూస్తే అలా అనిపించలేదు. ప్రతిమ మాంత్రికుడి దగ్గరే ఉంది. మేడని ఎగరేయగలిగినవాడు ఇందుమతి చేత ఔననిపించలేకపోయాడు. బెదిరించాడు, బతిమాలాడు, రాముణ్ణి ఆమె కళ్ళముందే హింసించాడు. ఆమె ఒప్పుకోలేదు. రెండో సగమంతా నిలబడింది ఆ ఒక్క నిరాకరణ మీదే. రాముడూ అంజీ వచ్చి చేరేదాకా కథని ఆపి ఉంచింది ఆమే. అన్నీ చేయగల దేవి కాదనలేదు. చేతిలో ఏ శక్తీ లేని ఇందుమతి కాదంది. ఇది చూశాక సాహసం అన్న మాట ఎవరికి చెందుతుందో మళ్ళీ ఆలోచించుకోవలసి వచ్చింది.

ఇదంతా ఇంత పట్టుగా ఎందుకు రాస్తున్నానంటే, నేనూ చాలా ఏళ్ళు ప్రతిమగానే బతికాను. 1987లో టీచరుగా చేరాను. మొదట్లో జీతం నగదుగా ఇచ్చేవారు. కవరు విప్పకుండానే అత్తగారి చేతిలో పెట్టేదాన్ని. బ్యాంకులో పడటం మొదలయ్యాక పాస్‌బుక్కూ, ఆ తర్వాత ఏటీఎం కార్డూ మా ఆయన జేబులో ఉండేవి. ఆయన చెడ్డవాడు కాదు. తాగలేదు, కొట్టలేదు. ఆ డబ్బుతో ఇల్లు కట్టించారు, పిల్లల్ని చదివించారు. “మీ ఆయన ఎంత జాగ్రత్తపరుడే!” అనేవాళ్ళు అందరూ. నేనూ అలాగే అనుకునేదాన్ని. తోటరాముడి చేతిలో పడ్డాను కదా, ఇంకేం లోటు?

2009లో అమ్మకి కంటి ఆపరేషన్ చేయించాలన్నారు. డబ్బులడిగితే, “వచ్చే నెల చూద్దాంలే, మీ అన్నయ్య ఉన్నాడుగా” అన్నారు ఆయన. గట్టిగా కూడా అనలేదు, పేపరు చదువుకుంటూ అన్నారు. ఇరవై రెండేళ్ళ నా సంపాదనలో మా అమ్మ కంటికి చోటు లేకపోయింది. ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. తెల్లారాక కార్డు ఇమ్మని అడిగాను. ఎందుకన్నారు. నాది కాబట్టి అన్నాను. గొంతు వణికింది. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాలుగో రోజు కార్డు ఫ్రిజ్ మీద పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయారు.

ఏటీఎం ముందు నిలబడటం అదే మొదలు. ఎంత కావాలని తెర మీద అడిగింది. నేను వెంటనే నొక్కలేకపోయాను. అమ్మ ఆపరేషన్‌కెంతో తెలుసు. అది కాక నాకేమైనా కావాలా? ఎప్పుడూ అనుకోలేదు. వెనక వరసలో ఎవరో “కానివ్వండమ్మా” అని విసుక్కున్నారు. ఆపరేషన్ డబ్బులు మాత్రం తీసుకుని బయటపడ్డాను. అమ్మకి చూపు వచ్చింది. కట్టు విప్పాక, “ఇంత చిక్కిపోయావేమే!” అంది నన్ను చూసి.

మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. వచ్చే నెల దాని పెళ్ళి. అబ్బాయి మంచివాడు, తోటరాముడంత మంచివాడు. దాని ప్రశ్నకి ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఒక మధ్యాహ్నం పక్కన కూచోబెట్టుకుని ఫ్రిజ్ మీద కార్డు సంగతి చెప్పాను. అంతా విని, “మరి ఆ తర్వాత నీకేం కొనుక్కున్నావమ్మా?” అనడిగింది.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.