రాగిరేకు మీద హంస

బంగారు నగ కొనేటప్పుడు మనం ముందుగా అడిగేది "తరుగెంత, మజూరీ ఎంత?" అని. అమ్మబోయేటప్పుడు మాత్రం ఆ రెండూ లెక్కలోకి రావు. కరిగిన బంగారానికే వెల. మా అమ్మ కాసులపేరు ఆ విధంగానే మూసలోకి పోయింది. దానిమీది నగిషీకి ఒక్క పైసా కట్టినవారు లేరు.

ఈ మాట బళ్ళారిలో మా వీధి చివరనున్న ఆచారిగారితో అంటే, "బంగారం ఉన్నచోట పని కనపడదమ్మా" అని నవ్వారు. ఆయన తెలుగువారికి అగసాలి, కన్నడిగులకు అక్కసాలి. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోను, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోను చేరినా, ఆయన తండ్రిగారి కుంపటికి రెండు వైపులనుంచీ బేరాలు వస్తూనే ఉండేవట. అసలు దెబ్బ 1963లో తగిలింది. 14 కారట్లకు మించిన బంగారంతో కొత్త నగ చేయరాదని ఉత్తరువులు వచ్చాయి. నూటికి 58 పాళ్ళ బంగారంతో తాళిబొట్టు చేయించుకునేవారెవరు? దేశమంతటా ఎందరో కంసాలులు పని పోగొట్టుకున్నారు. ఆ షరతు కొన్నేళ్ళకు పోయినా, 1968 నాటి స్వర్ణ నియంత్రణ చట్టం 1990 దాకా ఉన్నది.

ఇప్పుడు ఆ కుంపటి పక్కనే ఆయన మనుమరాలు చిన్న బల్ల వేసుకుని రాగి కమ్మలు, పతకాలు చేస్తున్నది. రేకును చింతపండుతో తోమి ఆరబెడుతుంది. కరిగిన తేనెమైనం రెండువైపులా పూసి, ముందువైపు సూదితో హంసనో తామరనో గీస్తుంది. గీసినచోట మైనం లేచి రాగి బయటపడుతుంది. తరువాత రేకును ఫెర్రిక్ క్లోరైడు నీళ్ళలో బోర్లా వేలాడదీస్తుంది. ఆ నీళ్ళు మైనాన్ని ముట్టవు. బయటపడ్డ రాగిని మాత్రమే తింటాయి, మడ్డి కిందికి జారిపోతుంది. నత్రికామ్లమైతే త్వరగా తింటుంది గాని దాని పొగ రొమ్ముకు చేటు, అందుకని దాన్ని ఇంట్లోకి రానివ్వదు. గీత లోతుపడ్డాక వంటసోడా నీళ్ళలో కడిగి, మైనం తీసి, గంధకపు మందుతో నలుపుచేసి, పైపైన మెరుగు పెడుతుంది. గీత నల్లగా, మిట్ట ఎర్రగా నిలుస్తుంది.

మొదట్లో తాతగారికి ఇది నచ్చలేదు. "ఉలితో చేయవలసింది నీళ్ళు చేస్తే అదీ ఒక పనేనా?" అన్నారట.

"నీళ్ళకు హంస తెలుసునా తాతా? గీసేది నా చెయ్యే గదా!" అన్నది పిల్ల. ఇప్పుడు హంస మెడ వంపు ఆయనే దిద్దుతున్నారు.

రాగి మనకు కొత్తదేమీ కాదు. విజయనగర రాజులు తమ దానశాసనాలు రాగిరేకులమీదే చెక్కించారు. అవే బంగారు రేకులైతే ఎవరో ఒకరు ఏనాడో కరిగించి ఉందురు!

మొన్న రెండు జతల కమ్మలు తీసుకుంటుంటే మా కోడలు, "రాగికి ఇంత వెలా అత్తయ్యా?" అన్నది. "రాగికి కాదే, హంసకు ఇస్తున్నాం" అన్నాను. వీటిని ఎవరూ కుదువ పెట్టుకోరు, ఎవరూ కరిగించరు. నా మనుమరాలి చెవికి చేరేనాటికి కూడా ఆ పిల్ల చేతిగీత చెక్కుచెదరకుండా ఉంటుంది.