కిరణమును, పంటిగారయు



దంత్యాక్షరములను బోధించునపుడు నాలుకకొనను పైపండ్లకు తాకింపుడని ప్రతి సంవత్సరమును చెప్పుచుందుము. రెండేండ్ల క్రిందట ఆ పాఠము చెప్పుచుండగానే మా ముందరిపన్ను ఒకటి నాలుక తాకుడునకు కదలెను. అంతకు చాలకాలము ముందునుండియే పండ్లు తోమునపుడు చిగుళ్లనుండి నెత్తురు వచ్చుచుండెను. నొప్పి లేదు గనుక ఉపేక్షించితిమి. గార తీయించినచో పండ్లు వదులగునను లోకుల మాట మా సోమరితనమునకు తోడయ్యెను. ఆరోగ్యసూత్రములు వల్లెవేయించు మేమే ఇట్లు చేయుట సిగ్గుచేటు.

లేజరు కిరణముతో చిగుళ్లవ్యాధి సులభముగా పోవునని వినియుంటిమి. ఆ యాశతో, దంతవైద్యురాలైన మా పూర్వవిద్యార్థిని యొద్దకు పోయితిమి. ఆమె గీతలుగల సన్నని కడ్డీతో పంటికిని చిగురుకును నడుమ లోతును కొలిచెను. ఆరోగ్యముగా నున్నచోట అది 3 మిల్లీమీటర్లకు మించదు. మాకు కొన్నిచోట్ల 6 ఉండెను.

“గార గోకవలదమ్మా, లేజరు పెట్టుము,” అంటిమి.

“మాస్టారూ, డయోడు కిరణము గారను ఊడదీయలేదండీ,” అని ఆమె ఓపికతో వివరించెను.

మొదటి లేజరును మైమన్ అను శాస్త్రజ్ఞుడు 1960వ సంవత్సరమున కెంపుతో వెలిగించెను. 1962లో డయోడు లేజరు పుట్టెను. దంతవైద్యులు వాడు డయోడు కిరణములు సాధారణముగా 810 మొదలు 980 నానోమీటర్ల వరకు నుండును. నెత్తురులోని ఎరుపును, చిగురులోని నలుపును వానిని గ్రహించి వేడెక్కును. అందుచేత అవి మెత్తని చిగురును కోయును, నెత్తురును ఆపును. గారయో రాయివంటిది. అది యున్నంతకాలము దానిపై పాచి నిలుచును, చిగురు మానదు. గార తీయుటకు తోడుగా సైతము లేజరును వాడకుండుటయే మేలని 2020లో ఐరోపా చిగుళ్లవైద్యుల సమాఖ్య సూచించినది.

“మరి పండ్లు వదులగుననెదరే?” అంటిమి.

“వ్యాధి ఎముకను కరిగించుటచేత అవి ముందే వదులైనవండీ. గార ఆ వదులును కప్పియుంచినది.”

ఆమె రెండు పర్యాయములు కూర్చుండబెట్టి, కంపించు లోహపుమొనతోను చేతి పనిముట్లతోను గారను తీసెను. మూడు నెలలకు నెత్తురు నిలిచెను, లోతులు తగ్గెను. ఒకచోట అధికముగా పెరిగిన చిగురును మాత్రము డయోడు లేజరుతో కత్తిరించెను. ఇరువురము రక్షణకద్దములు ధరించితిమి. సన్నని తీగకొన తాకినచోట నెత్తురు చుక్కయైన రాలలేదు. తన పనియందు ఆ కిరణము నిపుణమే.

కదలిన పన్ను మాత్రము దక్కలేదు. ఎముక మిగులలేదు గనుక దానిని తీసివేయవలసివచ్చెను.

విద్యార్థులారా! మేము నొప్పికొరకు వేచియుంటిమి. ఈ వ్యాధి నొప్పి లేకయే ఎముకను తినివేయును. చిగురు నెత్తురు చూపిననాడే మీ తల్లిదండ్రులతో చెప్పుడు. ఉదయమును, రాత్రియు పండ్లు తోముకొనుడు. ఈ యేడు దంత్యాక్షరములను మేము కట్టుడుపంటితో బోధించితిమి.